ఇటలీ ద్రాక్షతోటల కొండల్లో బండ్లు తక్కువుండే సైకిల్ రోడ్లు ఎక్కడ? (కియాంటిలో ఒకసారి భయపడి వచ్చాం)

మ్యూనిక్_మూర్తి
పోయిన మే నెలలో నేనూ మా ఆవిడా కియాంటి వెళ్ళాం. ఫ్లోరెన్సు నుంచి సియెనా దాకా తోటల మధ్య పోయే 222 నంబరు రోడ్డు, కియాంటిజానా అంటారు, ఫోటోలు చూసి మురిసిపోయి అదే పట్టుకున్నాం. రోడ్డు అందంగా ఉంది, కాదనను. కానీ మేం వెళ్ళింది ఆదివారం. మలుపు తిరిగేలోపు వెనక నుంచి మోటారు సైకిళ్ళు గుంపులు గుంపులుగా, చెవి పక్కన మోగించుకుంటూ. గ్రేవె దాటాక మా ఆవిడ సైకిల్ గోడకి ఆనించి "నేను ఇక్కడే కూర్చుంటా, నువ్వెళ్ళి కారు తీసుకురా" అంది. మిగతా రెండు రోజులూ హోటల్ ఈతకొలనులోనే గడిచిపోయాయి.

ఈసారి అక్టోబరు రెండో వారం, పీడ్‌మాంట్‌లో లాంగె కొండలు, అదే బరోలో వైను చేసే చోటు. ఆల్బా దగ్గర నాలుగు రోజులు ఉంటాం. రోజుకి 50 కిలోమీటర్లు మించి తొక్కం. ఎక్కుడు ఎంతున్నా పర్లేదు, బండ్లు మాత్రం వద్దు. ఏ రోడ్డు, ఏ పూట, గేర్లు ఎలా ఉండాలి, తొక్కినవాళ్ళు చెప్పండి. నెట్‌లో "అద్భుతం" అని రాసిన వ్యాసాలు పది చదివా, ఒక్కదాంట్లోనూ లారీల సంగతి లేదు.

బెజవాడ_బైకర్
ఈతకొలను ఎలా ఉందో చెప్పలేదు

టొరీనో_తెలుగబ్బాయి
చదువుకోడానికి వచ్చి టొరీనోలోనే (ట్యూరిన్) ఉండిపోయా. నెలకి ఒకట్రెండు సార్లు రైల్లో సైకిల్ వేసుకుని ఆల్బా పోతుంటా, లోకల్ రైలు నేరుగా ఉంది. మూర్తి గారూ, మీరు చేసిన తప్పు ఒక్కటే, పేరున్న రోడ్డు పట్టుకోవడం.

లాంగె ఎలా ఉంటుందంటే, పొడుగాటి గుట్టలు పక్కపక్కన వరసగా పడుకుని ఉంటాయి, వాటి నెత్తి మీద ఊళ్ళు, నడుమ లోయలు. లోయ అడుగున వెడల్పాటి తిన్నని రోడ్లుంటాయి, ఫ్యాక్టరీలు గోడౌన్లు అన్నీ అక్కడే, లారీలూ అక్కడే. గుట్ట నెత్తిన ఊరి నుంచి ఊరికి పోయే రోడ్డులో వైను రుచి చూడ్డానికి వచ్చిన వాళ్ళ కార్లుంటాయి. ఈ రెండింటికీ నడుమ, గుట్ట పక్కల మీద, ఒక్క కారు పట్టేంత సన్నటి తారు రోడ్లు ఇంటింటికీ తోటతోటకీ తిరుగుతూ ఉంటాయి. వాటి మీద ఎవరూ ఉండరు. ఎందుకుండరంటే నిట్టనిలువు కాబట్టి. మనం తొక్కాల్సింది వాటి మీదే.

నాకు బాగా నచ్చింది: ఆల్బా నుంచి దియానో ఎక్కండి. ఆల్బా 170 మీటర్ల ఎత్తు, దియానో 500కి దగ్గర, అంటే పొద్దున్నే ఒళ్ళు వేడెక్కిపోతుంది. అక్కణ్ణుంచి గుట్ట మీదే మొంతెలూపో, ఆ ఊళ్ళో గోడల నిండా తోడేళ్ళ బొమ్మలుంటాయి, ఊరి పేర్లోనే తోడేలుంది మరి. అక్కడ సీనియో వైపు లోయలోకి దిగి, అవతల గుట్ట ఎక్కితే సెర్రలుంగ కోట. ఈ దిగి ఎక్కే ముక్కలో కార్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. సెర్రలుంగ నుంచి ఆల్బాకి లోయ రోడ్డులో వచ్చేయాలనిపిస్తుంది, ఒంట్లో ఓపిక అయిపోయి ఉంటుంది కాబట్టి. రావద్దు. వచ్చిన దారినే కొంత వెనక్కి పోయినా మంచిదే.

మోకాలిచిప్ప
పైవాడి మాట నిజమే కానీ ఎక్కుడు ఎంతో చెప్పలేదు. అక్కడ 8, 10 శాతం (వంద మీటర్లు పోతే 8, 10 మీటర్ల ఎత్తు) మామూలు. పక్క రోడ్ల మీద అంతకంటే నిలువుగా ఉండే ముక్కలు తగులుతూనే ఉంటాయి. ఒక్కో ఎక్కుడు పొడుగేం కాదు, రెండు మూడు కిలోమీటర్లే, కానీ దిగగానే ఇంకోటి, అది దిగగానే ఇంకోటి. ఆల్ప్స్‌లో ఒకసారి ఎక్కితే అయిపోయింది, ఇక్కడ సాయంత్రం దాకా సాగుతూనే ఉంటుంది. మేం ఒకరోజు 45 కిలోమీటర్లకే వెయ్యి మీటర్ల పైన ఎక్కాం. ముందు చిన్న చక్రానికి 34 పళ్ళు, వెనక పెద్దదానికి కనీసం 34 ఉండాలి, వెనక పళ్ళు ఎక్కువైతే ఎక్కుడు తేలిక. మీ 50 కిలోమీటర్ల లెక్కని 40 చేసుకోండి.

గేర్లేనివాడు
34-34 ఏంటండీ, అది సైకిలా రిక్షానా. 28 పళ్ళతో ఎక్కేశా లా మొర్రా ఊరి గుట్ట మొత్తం. నిలబడి తొక్కడం నేర్చుకోవాలి జనం

మోకాలిచిప్ప
@గేర్లేనివాడు నా పేరు ఎందుకు మోకాలిచిప్పో అడగండి చెప్తా. నేనూ 28తోనే మొదలెట్టా

అనంతగిరి_ఎక్కుడు
ఇంత దూరం పోయి ఎక్కడం దేనికి, వికారాబాద్ దగ్గర అనంతగిరి గుట్ట లేదా, అరకు ఘాట్ లేదా? పొద్దున 5 గంటలకి బయల్దేరితే బండ్లూ ఉండవు

మ్యూనిక్_మూర్తి
@అనంతగిరి_ఎక్కుడు అన్నా మ్యూనిక్ నుంచి అరకు దూరం, ఆల్బా దగ్గర. అంతకుమించి ఏం లేదు

సియెనా_సుబ్బలక్ష్మి
కియాంటిని ఇలా దించేస్తే ఊరుకోను. మూర్తి గారూ, మీరు కియాంటి చూడలేదు, కియాంటిజానా చూశారు, అంతే తేడా. రద్దా నుంచి వొల్పాయాకి ఎక్కే రోడ్డు తొక్కారా? గయోలె దగ్గర బ్రోలియో కోటకి సైప్రస్ చెట్ల నడుమ పోయే తెల్ల మట్టి రోడ్డు తొక్కారా? గయోలెలో 1997 నుంచి ఏటా అక్టోబరు మొదటి ఆదివారం లెరోయికా అని పాత సైకిళ్ళ యాత్ర జరుగుతుంది. 1987కి ముందు చేసిన సైకిలో, అదే పాత పద్ధతిలో కట్టిందో అయితేనే రానిస్తారు, గేరు మీటలు హ్యాండిల్ మీద కాదు, కింద ఫ్రేమ్ గొట్టం మీద ఉండాలి. ఆ దారికి బోర్డులు ఏడాది పొడుగునా ఉంటాయి, మొత్తం 209 కిలోమీటర్లు, అందులో సుమారు సగం తెల్ల మట్టి రోడ్లే. అసలు ఆ యాత్ర పెట్టిందే ఆ రోడ్ల మీద తారు పడకుండా కాపాడుకోవాలని. ఆ మట్టి మీద మోటారు సైకిల్ గుంపులు రావు, బట్టలు పాడవుతాయని కాబోలు.

మ్యూనిక్_మూర్తి
@సియెనా_సుబ్బలక్ష్మి అక్కా ఒప్పుకున్నా, తప్పు నాదే. కానీ మట్టి రోడ్డు మీద దిగుడంటే మా ఆవిడకి భయం. మా టైర్లు 28 మిల్లీమీటర్లవి

సియెనా_సుబ్బలక్ష్మి
28తో వెళ్ళొచ్చు కానీ పళ్ళు కొరుక్కోవాలి. 32 వేయించుకోండి, లేదా 35. గాలి కొంచెం తగ్గించండి. దిగేటప్పుడు ముందు బ్రేకు గట్టిగా నొక్కకూడదు, మట్టి మీద నొక్కితే చక్రం జారుతుంది, నా మోచేతి మీద ఇంకా మచ్చుంది

పల్నాడు_పిల్ల
స్ట్రాదె బియాంకె రేసు అక్కడే కదా, టీవీలో చూస్తాం, సియెనాలో ఆ రాళ్ళ సందు ఎక్కి పెద్ద చౌకులోకి వచ్చి అయిపోతుంది

సియెనా_సుబ్బలక్ష్మి
అదే. 2007లో మొదలైంది. ఆ సందు పేరు సంతా కతెరీనా, 16 శాతం దాకా ఉంటుంది. నేను నడిచే ఎక్కుతా, సిగ్గేం లేదు

ద్రాక్షపందిరి
సైకిల్ గురించి నాకు తెలిసింది తక్కువ, ద్రాక్ష గురించి కొంచెం ఎక్కువ. మా తాతకి మేడ్చల్ వైపు అనాబెషాహీ తోట ఉండేది. పందిరి మీద పాకించేవాళ్ళు, కింద నడిస్తే తల మీద గుత్తులు వేలాడేవి, వేసవి సెలవులంటే మాకు ఆ నీడే. ఇప్పుడక్కడ అపార్ట్‌మెంట్లు. ఇటలీలో పందిరి చూద్దామని వెళ్ళా, లాంగెలో పందిరి లేదు. కొండ పక్కన గట్ల మాదిరి వరసలు కట్టి, తీగని నిలువు కంచె మీద కడతారు. మనకి ఎండ ఎక్కువ కాబట్టి ఆకు నీడలో కాయని దాచుకోవాలి, వాళ్ళకి ఎండ తక్కువ కాబట్టి ప్రతి కాయకీ ఎండ చూపించాలి, అందుకే ఆ తేడా అని అక్కడ ఒక పెద్దాయన చేతుల సైగలతో చెప్పాడు. నాకు ఇటాలియన్ రాదు, ఆయనకి ఇంగ్లీషు రాదు, అయినా అరగంట మాట్లాడుకున్నాం.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే సైకిల్ వాళ్ళకి పనికొచ్చే ముక్క ఒకటుంది. అక్కడ తోటల పేర్లే కొండ మ్యాపు. పేరులో "బ్రిక్కో" ఉంటే గుట్ట నెత్తి. "సోరీ" ఉంటే దక్షిణం వైపు తిరిగిన వాలు, మంచు ముందు కరిగేది అక్కడే, ఖరీదైన ద్రాక్ష అక్కడే, మధ్యాహ్నం ఎండ మాడ్చేసేదీ అక్కడే. సీసా మీద చదివిన పేరే రోడ్డు బోర్డు మీద కనిపిస్తుంది.

టొరీనో_తెలుగబ్బాయి
@ద్రాక్షపందిరి గారూ ఇది సూపర్. ఇంకోటి కలపండి, బోర్డు మీద "ఫొందొవల్లె" అని ఉంటే లోయ అడుగు రోడ్డు, అంటే లారీలు. అది చూడగానే హ్యాండిల్ తిప్పేయండి

గేర్లేనివాడు
బ్రిక్కో అంటే 28 పళ్ళు, ఫొందొవల్లె అంటే 11 పళ్ళు. అర్థమైంది

చుక్కముట్టని_శాస్త్రి
నేను వైను తాగను, మాంసం తినను, వెళ్ళొచ్చా?

టొరీనో_తెలుగబ్బాయి
వెళ్ళొచ్చు కానీ అడిగి తినండి. ఆ ప్రాంతం మాంసం మీదే నడుస్తుంది. ఆన్యొలోత్తి అని చిన్న చిన్న మూటల్లాంటి పాస్తా ఉంటుంది, చూడ్డానికి అమాయకంగా ఉంటుంది, లోపల మాంసమే. తాయారిన్ అని గుడ్డు సొన కలిపిన సన్నటి సేమ్యాలాంటిది, వెన్నా సేజ్ ఆకూ వేసి ఇమ్మంటే ఇస్తారు, గుడ్డు తింటారా మీరు? హేజెల్‌నట్ కేకు ఎక్కడైనా దొరుకుతుంది. నుటెల్లా పుట్టింది ఆల్బాలోనే, ఆ కొండల పైభాగమంతా హేజెల్‌నట్ తోటలే.

చుక్కముట్టని_శాస్త్రి
గుడ్డు సైకిల్ మీద ఉన్నప్పుడు తింటా

పల్నాడు_పిల్ల
ఇదేం శాస్త్రం శాస్త్రి గారూ 😂

మోకాలిచిప్ప
తిండి మాట వచ్చింది కాబట్టి, మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడున్నర దాకా ఊళ్ళలో కొట్లు మూసేస్తారు. మేం ఆకలితో ఒక ఊళ్ళో తలుపులు చూసుకుంటూ కూర్చున్నాం. జేబులో ఏదో ఒకటి ఉండాలి. నేను పల్లీ చిక్కీలు మోస్తా.

నీళ్ళు అయిపోతే స్మశానానికి వెళ్ళండి. జోకు కాదు. ప్రతి ఊరికీ స్మశానం ఉంటుంది, గోడ కట్టి గేటు పెట్టి ఉంటుంది, లోపల పూలకి నీళ్ళు పోయడానికి కొళాయి ఉంటుంది. తాగకూడని నీళ్ళయితే "నోన్ పొతాబిలె" అని రాసుంటుంది, అది చూసుకోండి.

బెజవాడ_బైకర్
స్మశానంలో నీళ్ళు తాగొచ్చానని చెప్తే మా అమ్మ గుమ్మంలోనే ఆపేస్తుంది

మోకాలిచిప్ప
చెప్పకు మరి

కొండదిగుడు
టొరీనో అబ్బాయి చెప్పిన "పక్క రోడ్లు" సలహాతో జాగ్రత్త. నేను ఫోన్ మ్యాపు చెప్పిన దారిలో పోయి తోటలో తేలా. మొదట తారు, తర్వాత కంకర, తర్వాత ట్రాక్టరు చక్రాల గాడి, ఆఖర్న ఒక ముసలావిడ వంటింటి కిటికీ. పైగా ముందురోజు వాన. అక్కడి మన్ను బంకమన్ను, టైరుకీ ఫోర్కుకీ మధ్య సిమెంటులా పట్టేసి చక్రం తిరగదు, సైకిల్ భుజాన వేసుకుని కిలోమీటరు నడిచా. బోర్డు మీద "స్ట్రాదా ప్రివాతా" అని ఉంటే సొంత రోడ్డు, వెనక్కి తిరగండి. ముసలావిడ మాత్రం కాఫీ ఇచ్చింది.

టొరీనో_తెలుగబ్బాయి
@కొండదిగుడు మ్యాపు ఒక్కదాన్ని నమ్మకూడదు. నేను చేసేది, ముందురోజు రాత్రి దారంతా ఉపగ్రహ ఫోటోలో జూమ్ చేసి చూస్తా, తారు బూడిదరంగులో కనిపిస్తుంది, మట్టి తెల్లగా. తర్వాత సైకిల్ వాళ్ళు ఎక్కువగా తొక్కిన దారులు రంగుతో చూపించే మ్యాపులుంటాయి కదా, అందులో గీత ఉండి, మామూలు మ్యాపులో ఆ రోడ్డు సన్నగా ఉంటే, అదే మనకి కావాల్సింది

తుపాకీ_భయం
అక్టోబరు అన్నారు కాబట్టి ఎవరూ చెప్పనిది చెప్తా. వేట సీజను. సెప్టెంబరు మూడో ఆదివారం నుంచి జనవరి ఆఖరు దాకా ఇటలీలో వేట ఉంటుంది, అడవిపందులూ పిట్టలూ. మంగళవారం, శుక్రవారం దేశమంతా వేట నిషేధం, చట్టం. మిగతా రోజుల్లో, ముఖ్యంగా ఆదివారం పొద్దున, అడవి ముక్కల పక్కన తొక్కుతుంటే ఢాం ఢాం వినిపిస్తుంది. రోడ్డు మీద ఉన్నవాడికి మామూలుగా ఏం కాదు, కానీ గోధుమ రంగు చొక్కా వేసుకోకండి

మ్యూనిక్_మూర్తి
@తుపాకీ_భయం ఇది మా ఆవిడకి చదివి వినిపించలేదు

మోకాలిచిప్ప
అక్టోబరు, నవంబరుల్లో శనాదివారాలు ఆల్బాలో తెల్ల ట్రఫుల్ (నేల లోపల దొరికే ఖరీదైన పుట్టగొడుగు) సంత ఉంటుంది. గదుల రేట్లు పెరుగుతాయి, రోడ్లన్నీ కార్లే. సోమవారం నుంచి గురువారం పెట్టుకోండి. కోతల టైమైతే ట్రాక్టర్లు కూడా ఉంటాయి, కానీ ట్రాక్టరు నెమ్మదిగా పోతుంది, నడిపేవాడు చెయ్యి ఊపుతాడు, దాంతో గొడవ లేదు

పల్నాడు_పిల్ల
వైను తాగి తొక్కితే పోలీసులు పట్టుకుంటారా?

టొరీనో_తెలుగబ్బాయి
సైకిల్ కూడా వాహనమే, కారుకి ఉన్న లెక్కే, లీటరు రక్తంలో అర గ్రాము. పోలీసుల సంగతి పక్కన పెట్టినా, బరోలో రెండు గ్లాసులు తాగి 12 శాతం దిగుడు దిగితే ఏమవుతుందో ఆలోచించు తల్లీ. సీసా కొనుక్కుని గదిలో తాగండి. ఇంకా, ఊరు దాటాక ఇద్దరు పక్కపక్కన తొక్కకూడదు, ఒకరి వెనక ఒకరు. చీకటి పడ్డాక ఊరి బయట మెరిసే జాకెట్ తప్పనిసరి.

ప్రొసెక్కో_ప్రసాదు
అందరూ లాంగె, కియాంటి అని కొట్టుకుంటున్నారు, మ్యూనిక్ నుంచి దగ్గరది వదిలేశారు. కొనెల్యానో, వల్దొబ్బియాదెనె ఊళ్ళ మధ్య ప్రొసెక్కో అనే నురగ వైను చేసే కొండలు. 2019లో యునెస్కో జాబితాలోకి ఎక్కాయి. అక్కడి వాలు ఎంత నిలువంటే చాలా తోటల్లో యంత్రాలు దిగవు, కోతంతా చేత్తోనే. రోల్లె అని చిన్న ఊరుంది, అక్కడికి పోయే రోడ్డులో పొద్దున పూట నాకు ఎదురొచ్చింది ఒక పోస్టు బండి మాత్రమే. గేర్లేనివాడు గారికైతే కా దెల్ పోజ్జో గోడ అని పిలిచే నిలువు ఎక్కుడు ఉంది, సుమారు కిలోమీటరు, 19 శాతం దాకా, జీరో వాళ్ళు కూడా ఎక్కారు.

బెజవాడ_బైకర్
జీరో ఏంటి?

ప్రొసెక్కో_ప్రసాదు
జీరో ద ఇటాలియా, వాళ్ళ పెద్ద రేసు బాబూ

గేర్లేనివాడు
19 శాతం... 28... చూద్దాం

మోకాలిచిప్ప
చూడకు

మ్యూనిక్_మూర్తి
అందరికీ థాంక్స్. వెనక 34 వేయించా (గేర్లేనివాడు గారు క్షమించాలి), టైర్లు 32. సోమవారం నుంచి గురువారం. వచ్చాక రాస్తా.

మ్యూనిక్_మూర్తి
వచ్చాం. ఆలస్యమైంది, ఆఫీసులో పని.

మొదటిరోజు బర్బరెస్కో, నేయివె, త్రేయిసో చుట్టు తొక్కాం. త్రేయిసో పక్కన ఏడుగురు అన్నదమ్ముల రాతి లోయ అని ఉంది, దేవుణ్ణి తిట్టిన ఏడుగురిని భూమి మింగేసిందని చెప్పుకుంటారు. అంచు దాకా వెళ్ళి కిందికి చూశాం, ఎవరినీ తిట్టకుండా వెనక్కి వచ్చాం.

రెండోరోజు టొరీనో అబ్బాయి దారి. పొద్దున ఆల్బాలో పొగమంచు, ఎదురుగా చెయ్యి పెడితే కనపడనంత. ఆ కొండల్లో పండే ద్రాక్ష పేరు నెబ్బియోలో, పొగమంచుని అక్కడ నెబ్బియా అంటారు, పేరు అందుకే వచ్చిందని చెప్తారు. పది దాకా కాఫీ తాగుతూ కూర్చుని లైట్లు వేసుకుని బయల్దేరాం. దియానో ఎక్కుడులో సగం అయ్యాక ఒక్కసారిగా ఎండ. కింద లోయ లేదు, ఏకిన దూది పరిచినట్టు ఉంది, దాంట్లోంచి గుట్టల నెత్తులు, ఒక్కోదాని మీద ఒక్కో చర్చి గోపురం. మా ఆవిడ అక్కడ సైకిల్ ఆపింది. మళ్ళీ కారు తెమ్మంటుందేమోనని నాకు టెన్షన్. ఆవిడ ఫోన్ తీసి వాళ్ళ చెల్లెలికి వీడియో కాల్ చేసింది.

సీనియో వైపు దిగి సెర్రలుంగ ఎక్కేదాకా కార్లు లెక్కపెట్టాను. నాలుగు. అందులో ఒకటి ఆగి మా వెనకే నెమ్మదిగా వచ్చింది, చోటు దొరికాకే దాటింది. ఎక్కుడు మాత్రం మోకాలిచిప్ప గారు చెప్పినట్టే, రెండు చోట్ల నడిచాం. 34 పళ్ళున్నా నడిచాం.

మూడోరోజు మాంగో అనే ఊరికి పోయాం. తెలుగువాడిగా ఆ పేరు చూసి వెళ్ళకుండా ఉండలేకపోయా. మామిడి చెట్టు ఒక్కటీ లేదు, మొస్కాతో ద్రాక్షా హేజెల్‌నట్టూను. కోటలో మొస్కాతో అమ్మే చోటుంది, తియ్యటి వైను, మా ఆవిడకి నచ్చింది. ఆ వైపు రోడ్లు బరోలో వైపు కంటే ఖాళీగా ఉన్నాయి, పేరు తక్కువ కాబట్టి. లాంగె వెళ్ళేవాళ్ళకి నా సలహా ఇదే, బరోలో ఒక పూట చూసి, మిగతా రోజులు ఆల్బాకి తూర్పున తొక్కండి.

తప్పు కూడా ఒకటి చేశా. ఆఖరిరోజు సాయంత్రం ఓపిక లేక లోయ రోడ్డు పట్టుకున్నా. 6 కిలోమీటర్లే, కానీ పక్కనుంచి లారీ పోయినప్పుడల్లా సైకిల్ ఊగింది. గదికి వచ్చాక మా ఆవిడ గంటసేపు మాట్లాడలేదు. బోర్డు మీద ఫొందొవల్లె అని ఉంది, చదివాను కూడా.

టొరీనో_తెలుగబ్బాయి
చదివి కూడా పోయారా 🤦

చుక్కముట్టని_శాస్త్రి
స్మశానం నీళ్ళు తాగారా?

మ్యూనిక్_మూర్తి
రెండుసార్లు. చల్లగా ఉన్నాయి. @బెజవాడ_బైకర్ మీ అమ్మగారికి చెప్పను

ఇంకోటి, ఇప్పుడు మా ఆవిడ వచ్చే మే నెలలో ప్రొసెక్కో గోడ ఎక్కుదామంటోంది. వెనక 36 పళ్ళు వేయించమంది. గేర్లేనివాడు గారూ, మీరు ఈ పోస్టు చదవకండి.

గేర్లేనివాడు
చదివేశా. నాది 32కి మార్చా. ఎవరికీ చెప్పొద్దు